పళ్ళెంలో వచ్చిన తూటాలు

అమెరికాలో మా మొంటానా పల్లెల్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా ‘పై’ అనే తీపి రొట్టె కాల్చి పంపితే ఆ పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదు. గుడ్లో, పళ్ళ జామ్ సీసానో, పెరట్లో ఉల్లిపాయలో ఏదో ఒకటి పెట్టి పంపాలి. మా పొరుగు రైతు హాల్వర్ మాత్రం మొన్న వసంతంలో నా పళ్ళెం నిండా తుపాకీ తూటాలు పెట్టి పంపాడు. అవైనా నేనడిగినవా అంటే, కావు!

తూటాలు అడగడం మాత్రం నేనే అడిగాను. నా భర్త లెరాయ్ పోయాక నాకు మిగిలిన గుర్రం పెన్నీ ఒక్కటే. నిండు చూలుతో ఉంది. దాన్ని పచ్చికలోకి వదలాలంటే నాకు గుండె దడ. మా ఉడుతలు చెట్లమీద కాదు, నేలలోనే ఉంటాయి; గుట్టవైపంతా కన్నాలు తవ్వి పెట్టాయి. పెన్నీ తల్లి అలాంటి కన్నంలోనే కాలు విరగ్గొట్టుకుంది. ఇక బాగయ్యేది కాదని లెరాయే తుపాకీ తీసుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయన సరిగ్గా అన్నం తినలేదు. పెన్నీకి ఆ గతి పట్టనివ్వనని నేనప్పుడే అనుకున్నాను.

ఉడుతల్ని కొట్టడానికి లెరాయ్ చిన్న రైఫిల్ ఉంది, తూటాలే లేవు. ఇంట్లో తూటాలు కట్టడంలో హాల్వర్ చెయ్యి తిరిగినవాడు. పుల్లటి రూబర్బ్ కాడలతో చేసిన పై ఒకటి, ఇదివరకు పేల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు పట్టుకెళ్ళి, ఆ తొడుగుల్లో బరువు గుండ్లు బిగించి ఇమ్మన్నాను. లెరాయ్ నక్కల్ని కొట్టింది వాటితోనే. పైగా మా గాలి మామూలు గాలి కాదు, తేలిక గుండు దానికి ఆగుతుందా? తీరా పళ్ళెం తిరిగొచ్చాక చూస్తే అన్నీ తేలిక గుండ్లే. నాకు ఒళ్ళు మండి ఫోన్ చేశాను.

“నేనడిగిందేంటి, నువ్వు పెట్టిందేంటి? తుమ్మితే ఎగిరిపోయేలా ఉన్నాయి.”

“నువ్వడిగింది నక్కల గుండు, ఆర్దిస్. నీ గుట్టంతా రాళ్ళు. బరువుది రాయికి తగిలి ఎగిరిందంటే ఎటు పోతుందో దానికే తెలీదు. ఇది పల్చటిది, తగిలినచోటే పొడైపోతుంది.”

“మరి గాలో?”

“గాలి లేవకముందే వెళ్ళు. దగ్గరికి పాకు. మోకాళ్ళున్నాయిగా!”

నా మోకాళ్ళ సంగతి నీకెందుకని ఫోన్ పెట్టేశాను. ఊళ్ళోకి వెళ్ళి నాకు కావలసినవి కొనుక్కుందామంటే వాన పడి దారంతా జిగురు బురద. బండి గేటు కూడా దాటలేదు. గతిలేక ఆ ముసలాడి తూటాలే తీసుకుని, తెల్లవారుతుండగా సణుక్కుంటూ పచ్చికలోకి పాకాను.

గుట్ట అంచున ఒక బల్లపరుపు రాయి ఉంది. దానిమీద బలిసిన ఉడుత ఒకటి నిలబడింది. గుట్ట వెనక ఏమీ లేదని నా ధీమా. పెన్నీని దొడ్లో పెట్టి గడియ వేసింది నేనేగా! గురి చూసి కాల్చాను, తప్పింది. రాయిమీద చిన్న దుమ్ము లేచిందంతే. లెరాయ్ గుండ్లయితే రాయి తాకి కూతపెట్టుకుంటూ పోయేవి. ఈ గుండు చప్పుడు లేకుండా అక్కడే పొడైపోయింది.

అప్పుడు ఆ రాయి వెనకనుంచి రెండు చెవులు లేచాయి. తర్వాత పెన్నీ మొహం. దాని పక్కన ఇంకా తడి ఆరని పిల్ల, కాళ్ళు నిలవక తూలుతోంది. ఈనడానికి ఎవరూ లేని చోటు వెతుక్కుంటూ, గడియ రాసి రాసి ఊడదీసుకుని వచ్చేసింది ఆ పిచ్చిది.

నేను రైఫిల్లోంచి తూటాలు తీసేసి పక్కన పెట్టాను. ఆ తర్వాత బురదలో కూలబడి ఏడ్చాను. నా చేత్తోనే చంపుకునేదాన్ని కదా, దేవుడా. కాసేపటికి లేచి ఆ రాయిని చూశాను. గోరంత బూడిదరంగు మరక తప్ప ఏమీ లేదు. తల్లినీ పిల్లనూ మెల్లగా దొడ్లోకి మళ్ళించి, ఈసారి గడియకి తాడు కూడా కట్టాను.

పై కాల్చేంతవరకు ఆగలేకపోయాను. పళ్ళెం ఒక్కటే పట్టుకుని ఆ బురదలో నడిచి హాల్వర్ ఇంటికి వెళ్ళాను. ఆయన కాఫీ తాగుతూ ముందు పళ్ళెంలోకి చూశాడు.

“ఖాళీగా తెచ్చావేం?”

“నువ్విచ్చినదానికి సరిపోయేది నా ఇంట్లో ఏదీ లేదు, హాల్వర్” అన్నాను.

జరిగిందంతా చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టాడు. తర్వాత తిట్టాడు, బాగా తిట్టాడు. గుట్ట వెనక ఏముందో చూసుకోకుండా ఎలా కాల్చావన్నాడు. గుండు తేలికదైనంత మాత్రాన నీ కళ్ళకి సెలవిచ్చినట్టా అన్నాడు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నా జన్మలో అదే మొదటిసారి. నీ మేలు ఈ జన్మకి మరవనని చెప్పాను. ఆయనకి సిగ్గేసిందేమో, కిటికీ వైపు తిరిగాడు.

“ఇంతకీ ఆడా, మగా?”

“అయ్యో, చూళ్ళేదు.”

“నీ మొహం, పద” అని టోపీ అందుకున్నాడు.

ఇద్దరం ఆ బురదలో ఒకరినొకరు పట్టుకుని నడిచి వచ్చాం. ఆడపిల్లే. పళ్ళెం ఆయన బల్లమీదే ఉండిపోయింది. ఇవాళ్టికీ ఆయన దాన్ని తిప్పి పంపలేదు, నేనూ అడగలేదు.