నత్తకుండ తొలిరోజు

కోడలికి సిటీ బస్సు డ్రైవరుగా ఉద్యోగం వచ్చిందనగానే అత్తగారు అడిగింది జీతం గురించి కాదు, రాత్రి వంట ఎవరు చేస్తారని. మామగారు పేపరు చాటుకి వెళ్లిపోయారు. మొగుడు గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. కోడలు మాత్రం తడుముకోకుండా, వంట స్లో కుక్కర్ చేస్తుందని చెప్పింది. పొద్దున్నే కూరగాయలు తరిగి, నీళ్లు పోసి, స్విచ్ వేసి వెళ్తే సాయంత్రానికి సూప్ తయారు, కాపలా కూడా అక్కర్లేదు. అత్తగారు దానికి నత్తకుండ అని పేరు పెట్టి, నత్త వచ్చేలోగా మన ప్రాణాలు పోతాయంది. కోడలికి రోషం వచ్చింది. మొదటిరోజే భోజనం తప్పితే ఉద్యోగం మానేస్తానని అందరి ముందూ అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. పైగా ఆమె తీసుకునే రకం కూడా కాదు.

ఆ మొదటిరోజు పొద్దున ముగ్గురూ ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, కోడలు క్యారెట్లు, బంగాళదుంపలు కుండ అడుగున వేసింది. గట్టివి వేడికి దగ్గరగా ఉండాలి. వాటి మీద బీన్స్, క్యాబేజీ, టమాటాలు, ఉప్పు, మిరియాలు. నీళ్లు పోసి, స్విచ్ వేసి, యూనిఫాం తొడుక్కుని, ఇంటికి తాళం పెట్టి ధీమాగా వెళ్లింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మామగారు రిటైరైన ఎలక్ట్రీషియన్. ఎవరో మరిచిపోయిన ఇస్త్రీపెట్టె ఒక ఇంటిని ఏం చేసిందో కళ్లారా చూసిన మనిషి. ఆఖరున గడప దాటేవాళ్లు ఫ్రిజ్‌ది తప్ప అన్ని స్విచ్‌లూ ఆపాలన్నది ఆయన శాసనం. కాపురానికి వచ్చిన నాటి నుంచి కోడలు దాన్ని తప్పలేదు. మధ్యాహ్నం బస్సు సొంత వీధిలోకి తిరుగుతుండగా ఆమెకు గుర్తొచ్చింది, ఈ పొద్దున కూడా తప్పలేదని.

స్టాపు వాళ్ల గేటుకి ఎదురుగానే ఉంది. దిగి, తాళం తీసి, స్విచ్ వేసి రావడం ఎంతసేపు? కానీ బస్సు నిండా జనం. జనాన్ని నడివీధిలో వదిలి సొంత వంటకి పరుగెత్తే డ్రైవర్ని తనైతే పనిలోనే పెట్టుకోదు. తలుపులు మూసి బస్సు కదిలించింది.

సాయంత్రం ట్రిప్పులో అత్తగారు ఎక్కింది, చెల్లెలి ఇంటి నుంచి వస్తూ. సీట్లు లేవు. డ్రైవరు వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడింది. ఇంటి స్టాపు వచ్చాక, ఆవిడ దిగబోతుంటే, కోడలే వెనక్కి తిరిగింది. అబద్ధంతో గెలవడం ఆమెకు ఇష్టం లేదు.

"అత్తయ్యా, కుండ తప్పేం లేదు. పొద్దున వస్తూ స్విచ్ నేనే ఆపేశాను. పందెం మీరే గెలిచారు. కూరగాయలు మాత్రం పారెయ్యకండి."

అత్తగారు విననట్టే దిగిపోయింది.

డ్యూటీ దిగి, ఇక ఉద్యోగం మానేస్తున్నానని ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ కోడలు గేటు తీసేసరికి మిరియాల ఘాటు ఎదురొచ్చింది. మొగుడు రెండో గిన్నె సూప్ జుర్రుతున్నాడు. మామగారు స్లో కుక్కర్‌ని ముందు పెట్టుకుని, తక్కువ కరెంటుతో ఇంత రుచి తేవడమే ఇంజినీరింగంటే అని ఉపన్యాసం ఇస్తున్నారు.

కోడలు వంటింట్లోకి వెళ్లింది. కడిగి బోర్లించిన ప్రెషర్ కుక్కర్ ఇంకా తడిగా ఉంది. అత్తగారు స్టవ్ తుడుస్తోంది. సూప్ ఏ కుక్కర్లో ఉడికిందో కోడలికి అర్థమైంది.

"ఎందుకత్తయ్యా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "నడుం నొప్పి మనిషిని, దారంతా నిలబడి వచ్చాను. ఒక్క మలుపులో కూడా నన్ను తూలనివ్వలేదు నువ్వు. అలాంటి చేతికి గరిటిచ్చి ఇంట్లో కూర్చోబెట్టమంటావా?"