నేల తిన్న బనియన్

మట్టి పరీక్ష కాగితం వచ్చిన రోజు దత్తోబా దాన్ని శుభలేఖలా ఊరంతా తిప్పాడు. ఉప్పు ఎక్కువ, పొటాష్ విపరీతం, పంటకు పనికిరాదు అని ఉంది అందులో. విన్న ప్రతివాడూ అయ్యో అన్నాడు గానీ, దత్తోబా మొహంలో మాత్రం ఆ అయ్యో లేదు. ఇటుకబట్టీ యజమానితో అప్పటికే మాటైపోయింది. రెండెకరాల్లో మోకాలి లోతున పైమట్టి గీకి బట్టీకి అమ్మేస్తాడు.

ఆ రెండెకరాలు అతనొక్కడివే అయితే ఎవరూ అడిగేవారు కాదు. అన్న పోయినప్పటి నుంచి వదిన హౌసాబాయి, అతను పంచుకోకుండా కలిపే సాగు చేస్తున్నారు. సాంగ్లీ పక్కన, కృష్ణ ఒడ్డున పసుపు పండే రేగడి అది. పేడ మోసి, చెరకు ఆకు కలియదున్నించి, పదేళ్లుగా ఆమె పెంచుకొచ్చిన నేల. దాన్ని చచ్చిందంటే హౌసాబాయికి ఒళ్లు మండిపోయింది.

"ఈ మట్టి ఎక్కడ తవ్వారు భావుజీ?" అని అడిగింది. మరిదిని భావుజీ అనడం, మీరు అనడం అక్కడి మర్యాద; వదినని వహినీ అంటారు. ఒళ్లు మండుతున్నా ఆమె మర్యాద తప్పలేదు.

"కాలవ మూల. అక్కడైతే నేల మెత్తగా ఉంది."

"తెల్లగా చౌడు పొంగిన మూలేగా అది? మరి మిగతా పొలం?"

"అంతా ఒకటే మట్టి వహినీ. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకేగా పట్టి చూస్తాం."

"మాడిన మెతుకు పట్టి చూసి కుండంతా పారబోస్తామా? పోనీ, దేంట్లో తీసుకెళ్లారు?"

"ఖాళీ పొటాష్ సంచి కనపడితే దాంట్లో తీసుకెళ్లి, అక్కడ పొట్లం కట్టిచ్చాను. మట్టికి పట్టుసంచి కుట్టించాలా ఏంటి?"

హౌసాబాయి పళ్లు కొరికింది. "పాడ్వా పండగ దాకా ఆగండి. నేను మళ్లీ పరీక్ష చేయిస్తాను. అప్పుడూ చచ్చిందనే వస్తే నేనే దగ్గరుండి గీకిస్తాను." పాడ్వా అంటే అక్కడి ఉగాది, దానికి ఇంకా రెండు నెలలుంది. దత్తోబా పోయిన తన అన్న ఫొటో మీద చెయ్యి వేసి సరే అన్నాడు.

మర్నాడే ఆమె పార పట్టుకుని చేలోకి దిగింది. వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది చోట్ల జానెడు లోతు తవ్వింది. మట్టినంతా బట్ట మీద కలిపి, నాలుగు భాగాలు చేసి రెండు తీసేసింది. మిగిలింది నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో కట్టింది. చౌడు మూల మట్టి విడిగా కట్టింది. రెండూ ప్రయోగశాలకు తీసుకెళ్లి ఇచ్చి వచ్చింది.

ఇంటి దగ్గర చేసుకునే పరీక్ష కూడా ఒకటుంది. ప్రాణమున్న నేల నూలుబట్టను తినేస్తుందని ప్రయోగశాల సుప్రియ మేడం ఆ మధ్య ఆడవాళ్ల మీటింగులో చెప్పింది. ఇంట్లో పాతబట్టలు లేక కాదు, హౌసాబాయి కావాలనే దండెం మీద నుంచి దత్తోబా నూలు బనియన్ లాగింది. కాలవ వైపు సగంలో పాతిపెట్టి, గుర్తుకు పుల్ల గుచ్చి, వారానికోసారి తడిపింది. దత్తోబా దానికోసం రెండు రోజులు ఇల్లంతా వెతికాడు.

పాడ్వాకి మూడు రోజుల ముందు ఆమె కాగితం కోసం వెళ్లింది. ఆమెను పిన్నీ అన్నట్టు మావ్‌శీ అని పిలిచే సుప్రియ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసింది.

"మీది బంగారంలాంటి నేల మావ్‌శీ. ఆ మూల ఒక్కటే చౌడు, జిప్సం వేస్తే దారికొస్తుంది. ఈ పాత లెక్కే వింతగా ఉంది. ఇంత పొటాష్ ఏ పొలంలోనూ ఉండదు. ఎరువు సంచిలో గానీ పోశారా?"

"పోశాడు మా మరిది."

"అయితే ఆయన పరీక్ష చేయించింది నేలని కాదు, సంచిని."

"ఈ అనుమానం అప్పుడే కాగితం మీద రాయొచ్చుగా తల్లీ?"

"కాగితంలో దానికి గడి లేదు మావ్‌శీ," అని సుప్రియ తలదించుకుంది. గడి లేదట. నేల పోతే పోయింది, గడి మాత్రం దాటకూడదు. హౌసాబాయి బస్సులో దారి పొడవునా ఆ గడిని తిడుతూనే కూర్చుంది.

బస్సు దిగేసరికి పొలం వైపు నుంచి యంత్రం చప్పుడు వినపడింది. పరుగెత్తింది. రోడ్డు వైపు ఎకరం మోకాలి లోతు పోయింది, అడుగున పసుప్పచ్చటి గట్టినేల బయటపడింది. మట్టి లారీ ఒకటి రోడ్డెక్కుతోంది. ఆమె నేరుగా వెళ్లి యంత్రం తొట్టి కింద నిలబడింది. డ్రైవరు భయపడి ఇంజను ఆపాడు.

"బట్టీవాడు ఆగనన్నాడు వహినీ," అంటూ దత్తోబా వచ్చాడు. "సీజన్ అయిపోతోందట. అయినా చచ్చిన నేలేగా."

ఆమె పుల్ల దగ్గరికెళ్లి చేతులతోనే తవ్వింది. మట్టి గుల్లగా విరిగింది, వానపాములు మెలికలు తిరిగాయి. పైకి లాగితే వచ్చింది నైలాన్ దారపు మెడ కుట్టు, చంకల కుట్లు, కంపెనీ పట్టీ. బట్ట ఒక్క పోగు లేదు.

"ఎవరిదో గుర్తుపట్టావా?" అంది. ముప్ఫై ఏళ్లలో ఆమె నోట నువ్వు రావడం అదే మొదటిసారి.

"నా బనియన్..."

"నేల తినేసింది. చచ్చినవాళ్లు తింటారా దత్తోబా?"

కొత్త కాగితం అతని చేతిలో పెట్టింది. చదువుతుంటే అతని మొహం పాలిపోయింది. "మట్టి వెనక్కి తెప్పిస్తాను వహినీ," అన్నాడు.

"దేన్ని తెప్పిస్తావు? పొద్దున్నుంచి పోయిన మట్టిని వాళ్లు పిసికి అచ్చుల్లో పోసుంటారు." ఆ ఎకరం మళ్లీ నేల కావాలంటే తన జన్మ చాలదని ఆమెకు తెలుసు. ఆ కోపానికి ఏడుపు కూడా రాలేదు. గీకినదానికీ గీకనిదానికీ మధ్య మడమతో గీత గీసుకుంటూ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నడిచింది.

"ఇన్నాళ్లూ పంచుకోలేదు, ఇవాళ పంచుతున్నాను. గీకిన సగం నీది. చౌడు మూలున్న సగం, నువ్వు చచ్చిందన్న సగం, నాది. రేపు తలాఠీ దగ్గర పొలం రికార్డులో పేర్లు వేరు చేయిద్దాం."

దత్తోబా గీతకు అవతలే నిలబడిపోయాడు. అన్న ఫొటో గుర్తొచ్చిందేమో, కాదనలేకపోయాడు. "మరి నా సగంలో ఏం పండుతుంది వహినీ?" అన్నాడు.

హౌసాబాయి ఆ కుట్లను దులిపి అతని భుజం మీద వేసింది.

"పరీక్ష చేయించుకో. ఈసారి శుభ్రమైన సంచిలో పట్టుకెళ్లు."