కింది దారం

మంగళవారం, శుక్రవారం వచ్చాయంటే పిచ్చుక వాళ్ళమ్మ పొద్దున్నే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసేది. సంచిలో నీళ్ళ సీసా, ఒక జత బట్టలు, పిచ్చుక చేతిలో ఎప్పుడూ ఉండాల్సిన ఖాళీ దారపు రీలు సర్దుకుని, కూతుర్ని తీసుకుని బస్సెక్కేది. దిగాక రెండు వీధులు నడిస్తే పిల్లల సెంటరు. గుమ్మం పక్కన చెప్పులు విడిచి బెంచీ మీద కూర్చుంటే, లోపలికి పిలిచేదాకా ఎదురుచూడటమే పని. ఆ బెంచీ మీద తల్లులకి సొంత పేర్లుండవు. ఫలానా పిల్ల వాళ్ళమ్మ, ఫలానా పిల్లాడి వాళ్ళమ్మ, అంతే.

కిచకిచమంటూ ఇల్లంతా తిరుగుతుందని ముచ్చటపడి పెట్టుకున్న పేరు పిచ్చుక. ఆరేళ్ళొచ్చినా ఒక్క మాట లేదు. పెద్ద డాక్టరు చెవులు పరీక్ష చేయించాడు, బొమ్మలు చూపించాడు, చెక్క ముక్కలు పేర్పించాడు, చివరికి ఆటిజం అన్నాడు. "మాటలు రావచ్చు, రాకపోవచ్చు. ముందు మొదలుపెడదాం" అన్నాడు. ఆ 'రావచ్చు'ని పట్టుకునే ఆవిడ ఇన్నాళ్ళుగా ఆ బస్సెక్కుతోంది. ఒక్కసారి అమ్మా అని పిలిపించుకుంటే ఇంకేమీ అడగననుకునేది.

సెంటర్లో మాటల గది, ఆటల గది పక్కపక్కనే ఉండేవి. మధ్యలో గోడ కట్టే ఓపిక లేక ప్లైవుడ్డు చెక్క అడ్డం పెట్టారు. ఆ చెక్క మరీ పల్చన. ఒక గదిలో పిల్లాడికి రావాల్సిన ఎక్కిళ్ళు పక్క గదిలో పిల్లకి వచ్చేవి. ఆయా ఎందుకొచ్చిన గొడవని ఇద్దరికీ నీళ్ళు తాగించి పోయేది. ఓసారి ఆటల గదిలో ఒక పిల్ల జారిపడితే మాటల గదిలో పిల్లాడు బావురుమన్నాడు. వాడినే ఎత్తుకుని సముదాయించారు.

పది గంటలకి పిచ్చుక ఆటల గదిలోకి వెళ్ళేది, దొర మాటల గదిలోకి వెళ్ళేవాడు. పదిన్నరకి దొర ఇంటికి పోతే వాడి చోటులోకి పిచ్చుక వచ్చేది.

దొరకి ఐదేళ్ళు. పుట్టగానే ఊపిరందక కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయాయి. చక్రాల కుర్చీలో మెడ ఒక పక్కకి వాల్చి దర్జాగా వస్తాడు కాబట్టి వాళ్ళమ్మ దొర అని పిలిచేది. ఆవిడ మందుల షాపులో పనిచేసేది. మొదట్లో వాడూ ఉలకడు పలకడు. ఆ రోజుల్లో తల్లులిద్దరూ బెంచీ మీద ఒకే మరచెంబులో టీ పంచుకునేవాళ్ళు. తర్వాత ఒకరోజు మాటల గదిలో దొర నోరు విప్పాడు. ఇంకొన్నాళ్ళకి అమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి పిచ్చుక వాళ్ళమ్మ తన టీ తను విడిగా తెచ్చుకుంది.

కడుపు మండిపోయింది ఆవిడకి. తలుపు సందులోంచి వాడి గొంతు వినబడ్డప్పుడల్లా ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది.

"అంతా ఆ పది గంటల టైములోనే ఉంది" అనేది మొగుడితో. "మేడమ్ ఓపికంతా వాడికే ఊడ్చిపెడుతుంది. మన పిల్ల దగ్గరికొచ్చేసరికి ఆవలింతలు మిగుల్తాయి."

"పోనీలే, వాడికైనా మాటలొచ్చాయిగా" అనేవాడు ఆయన.

"నీకేం, ఇంట్లో కూర్చుని ఎన్నైనా చెప్తావు."

ఒక మంగళవారం మాటల మేడమ్ బయటికొచ్చి పిచ్చుక వాళ్ళమ్మని పక్కకి పిలిచింది. దొర గదిలో మాట్లాడితే చాలదు, బయట కూడా మాట్లాడితేనే మాటలొచ్చినట్టు లెక్క. అప్పుడు వాడిని పంపేసి ఆ టైము ఇంకొకళ్ళకి ఇస్తారు. వాళ్ళమ్మని అడిగితే నీళ్ళు నములుతోందిట.

"మీరు రోజూ పక్కనే కూర్చుంటారుగా. బెంచీ మీద కూడా మాట్లాడతాడా?"

బెంచీ మీద దొర ఏనాడూ పెదవి కదపలేదు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

"అబ్బో, ఆగితేగా" అంది పిచ్చుక వాళ్ళమ్మ. "మేడమ్, ఆ పది గంటల టైము ఖాళీ అయితే మా పిల్లకి ఇస్తారా?"

శుక్రవారమే దొరకి ఆఖరి రోజన్నారు. ఆ మాట విని దొర వాళ్ళమ్మ మొహం మాడిపోయింది. కొడుకు నోరు తెరిచినా ఇంకా చోటు వదలబుద్ధి కాదేమోనని పిచ్చుక వాళ్ళమ్మ మనసులోనే మెటికలు విరిచింది.

గురువారం సాయంత్రం ఆవిడ ఎవరివో కర్టెన్లు హడావుడిగా కుడుతోంది. మిషను కింద కూర్చున్న పిచ్చుక కాలు పట్టుకు లాగింది. మళ్ళీ లాగింది. "ఉండవే" అని కాలితో పక్కకి తోసింది. కుట్టు చివరికొచ్చాక చూస్తే గుడ్డ మీద సూది చిల్లులే ఉన్నాయి, కుట్టు లేదు. సూది కింద ఉండే బాబిన్‌లో దారం ఎప్పుడో అయిపోయింది. తనని తనే తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

మర్నాడు బెంచీ మీద కూర్చుంటే, ఓరగా ఉన్న తలుపులోంచి దొర గొంతు వినబడింది.

"అమ్మా, కింద దారం అయిపోయింది. నువ్వు చూసుకోకుండా కుడుతూనే ఉన్నావు. కాలు లాగితే తోసేశావు."

"దారమేంటి నాన్నా? ఈ బొమ్మలో ఉన్నది గొడుగు కదా" అంది మేడమ్.

పిచ్చుక వాళ్ళమ్మ లేచి ఆటల గది కిటికీలోంచి చూసింది. పిచ్చుక పెదాలు బిగించి బంతిని ప్లైవుడ్డుకేసి తంతోంది. బంతి తగిలినప్పుడల్లా అవతల దొర నవ్వుతున్నాడు. ఆవిడ వచ్చి బెంచీ మీద కూలబడింది.

"మీ ఇంట్లో మిషనుందా?" అని అడిగింది దొర వాళ్ళమ్మని.

"లేదు."

దొర వాళ్ళమ్మ బెంచీ మీద దగ్గరికి జరిగింది.

"నాకు మొదటి మాటకే తెలిసిందక్కా" అంది దొర వాళ్ళమ్మ. "వాడు మొదటిసారి అన్నది కత్తెర అని. వాడికి కత్తెర సంగతి ఎవరు చెప్పారు?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మా అంటున్నాడుగా. ఎవర్ని పిలిస్తేనేం, వినబడేది నాకు కదా అనుకున్నా." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీ పిల్లని చూసి నేను ఏడవని రోజుందనుకున్నారా? బంతి చూడండి, ఎడం కాలితో తంతుంది. మీ వాళ్ళలో ఎవరికైనా ఎడంవాటం ఉందా?"

లేదు. మేనమామ కొనిచ్చిన బంతి ఇంట్లో మంచం కింద దుమ్ము కొట్టుకుపోయి ఉంది. పిచ్చుక దాని వంక కూడా చూడదు.

"మా ఆయనది ఎడం కాలే. పెళ్ళికి ముందు తెగ ఆడేవాడు. టీవీలో బంతి కనబడితే వీడికి ప్రాణం లేచొస్తుంది. ఆ పరుగు మావాడిది అక్కా. మీ పిల్ల కాళ్ళతో పరిగెడుతున్నాడు."

తన కూతురి మాటలన్నీ ఇన్నాళ్ళూ ఇంకొకావిడ విన్నదనుకునేసరికి పిచ్చుక వాళ్ళమ్మకి కొత్త కుళ్ళు పుట్టింది. దాని ముందు పాతది ఏపాటి? ఆవిడ జుట్టు పట్టుకుని నాలుగు తగిలిద్దామనిపించింది. అంతలో ఈ రోజే ఆఖరి రోజని గుర్తొచ్చింది. వాడు వెళ్ళిపోతే తన పిల్ల ఎవరి నోటితో మాట్లాడుతుంది?

"వాడు బయట మాట్లాడతాడని మేడమ్‌కి చెప్పింది నేనే" అంది.

"తెలుసు."

ఇద్దరూ కలిసే లోపలికి వెళ్ళారు. చెప్పిందంతా విని మేడమ్ బొమ్మలు సర్దుతూనే విసుక్కుంది.

"ముందే చెప్తే ఇంత కాలం వృథా అయ్యేది కాదుగా. మధ్యలో ఉన్నది ప్లైవుడ్డే కదమ్మా, ఆ మాత్రం అటూ ఇటూ అవుతుంది. మరి మీరు, బెంచీ మీద ఆగకుండా మాట్లాడతాడన్నారు?"

"కుళ్ళుకున్నానండీ" అంది పిచ్చుక వాళ్ళమ్మ.

మేడమ్ దొరని పంపడం మానేసి, ఇద్దరికీ ఒకే గది, ఒకే టైము ఇచ్చింది. తల్లుల్ని కూడా లోపల కూర్చోమంది.

మంగళవారం నలుగురూ ఒకే గదిలో ఉన్నారు. పిచ్చుక చాలాసేపు ఊరికే నిలబడి, తర్వాత బంతిని ఎడం కాలితో తన్నింది. అది వెళ్ళి కుర్చీ చక్రానికి కొట్టుకుంది. దొర పకపకా నవ్వాడు. "చూశారా, నా కొడుకు" అంది దొర వాళ్ళమ్మ. పిచ్చుక వాళ్ళమ్మకి చివుక్కుమంది, అయినా తలూపింది.

"అమ్మా" అన్నాడు దొర.

దొర వాళ్ళమ్మ అలవాటుగా నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. గొంతులో మాట మింగుతుంటే ఆవిడ మొహం కందిపోయింది. ఆ మంట ఎలా ఉంటుందో పిచ్చుక వాళ్ళమ్మకి తెలుసు. దొర వాళ్ళమ్మ మోచేత్తో ఆవిడ్ని పొడిచి, "పలకండి, మిమ్మల్నే" అంది.

పిచ్చుక బంతి వదిలేసి తల్లి వైపే చూస్తోంది.

"ఆఁ, చెప్పమ్మా."

"నా రీలు తేలేదు" అన్నాడు దొర.

ఆవిడ సంచి అంతా తిరగేసింది. నిజమే. కంగారులో మిషను మీదే మర్చిపోయి వచ్చింది.

"వచ్చేసారి తెస్తాను తల్లీ" అంది పిచ్చుకతో.