పుస్తకంలో లేని ముక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. మిషన్ దగ్గర అమ్మ, కత్తెరతో పిన్ని, గోడకి చేరగిలబడి దారపు ఉండలు చుడుతున్న అమ్మమ్మ, కిటికీ వెలుగులో కాజాలు కుడుతున్న అత్తయ్య, వాళ్ళ మధ్య పీట మీద నవల పట్టుకుని గువ్వ. అత్తయ్య ఇల్లు రెండు వీధుల అవతల. పగలంతా మాత్రం ఇక్కడే, యూనిఫాం చొక్కాల పనిలో.

గువ్వ అసలు పేరు ఇంట్లోవాళ్ళే మరిచిపోయారు. పదహారేళ్ళొచ్చినా ఎవరైనా పలకరిస్తే గొంతు పెగలదు. పుస్తకం చేతికిస్తే మాత్రం గడగడా చదువుతుంది. తక్కిన నలుగురికీ సంతకం దాటి అక్షరం రాదు. అందుకే చేతులు పనిలో ఉన్నంతసేపూ గువ్వ లైబ్రరీ నవలలు పైకి చదవడం ఆ ఇంటి అలవాటు.

ఈసారి తెచ్చింది థ్రిల్లర్. సొంత ఊరి మార్కెట్లోనే బాంబు పెట్టబోయే కుర్రాడి కథ. మూడు రోజులుగా ఇంట్లో దాని మీదే కొట్లాటలు.

"మొదట్లోనే చెప్పాను కదా, అందరినీ నవ్వుతూ పలకరించేవాడే దొంగని," అంది పిన్ని.

"నువ్వు పోస్ట్‌మ్యాన్ అన్నావు," అంది అమ్మ.

"పోస్ట్‌మ్యాన్ మాత్రం నవ్వలేదా ఏంటి?"

అమ్మమ్మ కోపమంతా కథలో తల్లి మీద. "కొడుకు గదికి తాళం వేసుకుంటున్నాడు, ఇంట్లో తిండి ముట్టడం లేదు. ఆవిడేం, గాడిదలు కాస్తోందా? కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా?"

అత్తయ్య చేతిలో సూది ఆగింది. ఆమె కొడుకు కూడా రెండు నెలలుగా గదికి తాళం వేస్తున్నాడు. గువ్వ ఆ సూదిని చూసి తల దించుకుంది.

గువ్వకి అంతకంటే ఎక్కువే తెలుసు. పది రోజుల కిందట బావకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే తలుపు ఓరగా తీసి ఉంది. మంచం కింద సంచి నిండా మేకులు, గోడకి రైల్వే స్టేషన్ పటం, టికెట్ కౌంటర్ల చుట్టూ ఎర్ర గీత. బావ పటానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఆ సాయంత్రం గువ్వ అదంతా డైరీలో రాసుకుంది. చెప్పాలని నాలుగుసార్లు అత్తయ్య దగ్గరికి వెళ్ళి, నాలుగుసార్లూ దారం అడిగి వచ్చేసింది.

"ఆపావేం? కానీ," అంది పిన్ని.

గువ్వ పేజీ తిప్పింది. పైకి చదివేవాళ్ళకి కన్ను నోటికంటే రెండు వాక్యాలు ముందు నడుస్తుంది. కథలో తల్లి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది, అన్నీ చెప్పింది. అంతవరకూ పైకి చదివింది. గువ్వ కన్ను ఆ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయింది. తెల్లవారేసరికి ఆ కుర్రాణ్ణి గుమ్మంలోనే కాల్చేశారు.

"చెబితే వాణ్ణి ఏం చేశారు?" అని అడిగింది అత్తయ్య. మూడు రోజుల్లో ఆమె కథ గురించి నోరు విప్పడం అదే మొదలు.

గువ్వ కళ్ళెత్తలేదు, తడబడలేదు. "ఇన్‌స్పెక్టర్ ఆమెకి మాట ఇచ్చాడు. కుర్రాణ్ణి ఒంటి మీద గీత పడకుండా పట్టుకున్నారు. ఏడేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని భోంచేశాడు."

"ఓస్, ఇంతేనా," అంది పిన్ని. "నరాలు తెగుతాయనుకుంటే చప్పగా ముగించాడు మహానుభావుడు."

"బతికాడుగా, నీ సొమ్మేం పోయింది," అంది అమ్మమ్మ.

అత్తయ్య చేతిలో ఉన్న కాజా పూర్తిచేసి, దారం కొరికి, చెప్పులేసుకుంది. ఇంటివైపు వెళ్ళలేదు. పోలీస్ స్టేషన్ ఉన్న పెద్ద రోడ్డువైపు వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య ఇంటికి పోలీసులు వచ్చారు. బావ వెనక గోడ దూకబోయాడు. తూటా తగిలి గోడ మీదే ఒరిగిపోయాడు. సంచి దొరికింది, పటం దొరికింది. స్టేషన్‌కి వచ్చే రైళ్ళు వచ్చాయి, వెళ్ళే రైళ్ళు వెళ్ళాయి. వందలమంది బతికారని ఊరంతా అంది. నిజమే. గువ్వ ఆ మాట డైరీలో రాసి, దాని కింద ఏం రాయాలో తెలియక మూసేసింది.

అత్తయ్య పనికి రావడం మానేసింది. పదిహేనో రోజు గువ్వ నవల చంకలో పెట్టుకుని వెళ్ళి తలుపు తట్టింది. అత్తయ్య తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. గువ్వ పుస్తకం ముందుకి చాపింది.

అత్తయ్య పుస్తకం వైపు చూసింది. "ఆ ముక్క ఇంకోసారి చదవవే. ఇన్‌స్పెక్టర్ మాట ఇచ్చాడే, ఆ ముక్క. నేనూ అడిగానమ్మా వాళ్ళని. పుస్తకంలో గీత పడకుండా పట్టుకున్నారండీ, మావాణ్ణీ అలాగే పట్టుకోండి అన్నాను. సరేనన్నారు."

గువ్వ పేజీ తీసింది. అబద్ధం మళ్ళీ చదవడం తేలికే, ఆ మాటలన్నీ కంఠతా ఉన్నాయి. అయినా ఉన్నది ఉన్నట్టు చదివింది. మెట్లు, తెల్లవారడం, గుమ్మం, తూటా.

"ఆ రోజు ఇలా లేదే," అంది అత్తయ్య.

"పుస్తకంలో ఇలాగే ఉందత్తయ్యా. ఆ రోజు నేనే మార్చాను. నువ్వు వెళ్ళి చెబుతావని."

"అయితే వాడి సంగతి నీకు ముందే తెలుసు."

గువ్వ తలూపింది.

"తెలిసి నాతో ఒక్క మాట అనలేకపోయావు. వాడి కాళ్ళు పట్టుకునైనా ఆపేదాన్నేమో." అత్తయ్య గొంతు పెరగలేదు. "నాకు చదువు రాదు. నీ నోరు నమ్మి వెళ్ళానే."

గువ్వ ఒక అడుగు ముందుకేసింది. అత్తయ్య తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.