మూడో గడి

కూరను రెండు గిన్నెల్లోకి తీసి, పెద్ద గిన్నెలో మాత్రం ఉప్పు వేసిందామె. చిన్న గిన్నె తనది. చెవిలో మోత తగ్గాలంటే ఉప్పు తగ్గించాలని డాక్టరమ్మ చెప్పి నెల కావస్తోంది. ఈ నెల రోజుల్లో ఆ చిన్న గిన్నె పడని మాట లేదు. "మొగుడికో వంట, తనకో వంట. మేమూ చేశాం కాపురాలు" అని అత్తగారు. "రాణిగారి పథ్యం" అని ఆయన. వండేదీ తనే, ఆ రెండో గిన్నె తోమేదీ తనే, మధ్యలో వీళ్లకెక్కడ నొప్పి పుట్టిందో ఆమెకు అర్థం కాదు. అడగదు. అడిగితే దానికి మళ్లీ ఇంకో మాట పడాలి.

ఇరవై రెండేళ్లుగా ఆమె మరమగ్గాల మిల్లులో పని చేస్తోంది. ఆ షెడ్డులో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్లంతా పెదాలు చూసి మాట పట్టేస్తారు. దారం తెగిందనీ, మేస్త్రీ వస్తున్నాడనీ, కళ్లెందుకలా వాచాయనీ, అన్నీ గొంతు లేకుండానే. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మగ్గాలు ఆగాయి, ఆమె చెవిలో మాత్రం ఆగలేదు. ఇనుప రేకు మీద మేకుతో గీస్తున్నట్టు సన్నగా, అప్పట్నుంచీ అదే. మిల్లులో గంటలక్క అని పేరు పెట్టారు. "గంటలక్కా, టైమెంతయిందో నీ చెవినడిగి చెప్పు" అని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఆ నవ్వేవాళ్లలో ఇద్దరికి చెవులు ఎప్పుడో పోయాయి. నవ్వక ఏం చేస్తారు.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. "ఇది పూర్తిగా పోతుందని నేను చెప్పలేనమ్మా. దీనితో బతకడం అలవాటు చేసుకోవాలి." ఉప్పూ కాఫీ తగ్గించమంది. మిల్లులో చెవులకు రబ్బరు బిరడాలు పెట్టుకోమంది. రోజూ అరగంట ఊరికే కూర్చుని మెల్లగా ఊపిరి తీసి వదలమంది. పడుకునే గదిలో ఫ్యానో రేడియోనో సన్నగా మోగుతుంటే చెవి అటు పోయి నిద్ర పడుతుందంది. చివర ఒక నోటుపుస్తకం ఇచ్చింది. వరసకు మూడు గడులు. టైమెంత, మోత పదికి ఎంత, అప్పుడేం జరుగుతోంది. "నెల రోజులు నిజం రాసుకురా. అది చూసి నిన్ను మగ్గాల దగ్గర్నుంచి తీసి బట్ట మడతపెట్టే గదిలో వేయమని మిల్లుకు ఉత్తరం రాస్తాను. అక్కడ మోత ఉండదు. ఇలాగే ఉంటే ఉన్న వినికిడి కూడా పోతుంది."

ఆ ఉత్తరం కోసం ఆమె కాఫీ మానేసింది. కాఫీ తన చేతిలో పని. మిగతావి కావని తర్వాత తెలిసింది. బిరడాలు పెట్టుకుంటే మేస్త్రీ చేత్తో లాగి కింద పడేశాడు, పిలిస్తే పలకడం లేదని. ఎవరి పిలుపూ ఎవరికీ వినపడని చోట. పెరటి మెట్టు మీద కళ్లు మూసుకుని కూర్చుంటే ఐదు నిమిషాలకే అత్తగారు భుజం కుదిపింది. "ఒంట్లో బాగాలేదా, ఇంట్లో పని లేదా?" ఫ్యాను పెట్టుకుంటే ఆయన లేచి ఆపేశాడు. "ఆ గరగరేంటే, మనిషి పడుకోవాలా వద్దా?" ఆపిన రెండు నిమిషాలకు గుర్రు పెట్టాడు. ఆ గుర్రుకు ఎవరూ స్విచ్చి పెట్టలేదు.

ఇవన్నీ మూడో గడిలో రాసింది. ఉదయం ఏడు గంటలు, మోత ఎనిమిది, ఆయన కంచం తోసేశారు. సాయంత్రం ఆరు గంటలు, మోత తొమ్మిది, అత్తగారు మా అమ్మ గురించి మాట్లాడారు. ఆదివారం మధ్యాహ్నం, మోత రెండు, ఇంట్లో ఎవరూ లేరు.

తెల్లారితే ఆస్పత్రి. ఆ చిన్న గిన్నె ముందు పెట్టుకుని కూర్చోబోతుండగా పుస్తకం ఆయన కంటపడింది. నిలబడే మొత్తం చదివాడు.

"నేనేమన్నా రోగమా? ప్రతి లైనులోనూ నేనే ఉన్నాను."

"నిజం రాయమన్నారండీ."

"నిజం చెప్పడానికి కోర్టుకెళ్తున్నావా? పరాయి మనిషి ఇది చదివి మన ఇంటి గురించి ఏమనుకుంటుంది?"

కోపంతో చించేసినా బాగుండేది. ఆయన అలా చేయలేదు. కొట్టుకెళ్లి అలాంటిదే ఇంకో పుస్తకం తెచ్చి, గీతలు తనే గీసి, పక్కన కూర్చుని చెప్పి రాయించాడు. నెల రోజులూ ఒక్క పూటలో అయిపోయాయి. మోత రెండు, బాగుంది. మోత ఒకటి, బాగుంది. మోత ఒకటి, అందరం కూర్చుని టీవీ చూస్తున్నాం. ఆమె లేచేసరికి కూర చల్లారిపోయింది.

మర్నాడు ఆయన కూడా వచ్చాడు. ఆమెతో ఆస్పత్రికి రావడం అదే మొదటిసారి. డాక్టరమ్మ పేజీలు తిప్పుతూ సంతోషపడింది. "చూశావా, అలవాట్లు మార్చుకుంటే ఎంత తేడానో. నిద్ర పడుతోందా?"

"హాయిగా పడుతుందండీ" అన్నాడాయన. "ఫ్యాను నేనే వేస్తాను."

"మిల్లులో ఎలా ఉంది?"

"ఆ మగ్గాలకు అలవాటు పడిపోయిందండీ. మడత గదికి పోవడం తనకే ఇష్టం లేదు."

డాక్టరమ్మ సగం రాసిన ఉత్తరాన్ని తీసి సొరుగులో పెట్టేసింది. ఆమె దాన్ని చూస్తూనే ఉంది. చెవిలో మేకు గీతకు గదిలో మాటలన్నీ మునిగిపోయాయి. ఆయన పక్కకు తిరిగాడు, పెదాలు కదిలాయి. "వదిలింది పీడ." గొంతు లేదు, అయినా ఆమెకు అందింది. ఇన్నేళ్లూ ఆయన పక్కకు తిరిగి గొణిగినవన్నీ ఆమె చదువుతూనే ఉంది. ఆయనకు తెలియదు. మీ మిల్లులో ఎలా మాట్లాడుకుంటారని ఆయన ఒక్కరోజూ అడగలేదు.

"పదవే" అని ఆయన లేచాడు.

ఆమె లేవలేదు. మోత పోదని ఆమెకు తెలుసు. ఇంటికెళ్లాక ఏమవుతుందో కూడా తెలుసు. ఉత్తరం సొరుగులోంచి బయటికి వస్తుందో రాదో మాత్రం తెలియదు.

"పెన్ను ఇవ్వండి డాక్టరమ్మా. ఈ నెలంతా తప్పు రాశాను."

చివరి పేజీలో ఒక వరస ఖాళీగా ఉంది. గోడ గడియారం చూసి టైము వేసింది. మోత, పది. మూడో గడిలో పెద్ద పెద్ద అక్షరాలతో మెల్లగా రాసింది:

నా బదులు ఆయన మాట్లాడుతున్నారు.