అన్‌క్లాగ్ అంటే
పాత ప్లాస్టిక్ సామాను ముక్కలు చేసే ఆ షెడ్డులో అతన్ని అందరూ డిక్షనరీ అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది బావే. అక్క భర్త; పన్నెండేళ్లుగా అక్కడ మిషను నడుపుతున్నవాడు. "మా బామ్మర్దికి ఇంగ్లీషు మంచినీళ్లప్రాయం" అని యజమానికి చెప్పి, స్టోరు గుమాస్తాగా చేర్పించాడు. బావ మాట పోకూడదని అతను తెలియనివి కూడా తెలిసినట్టే చెప్పేవాడు.

కొత్త మిషను వచ్చిన రోజు దానికి అంటించిన కాగితం చూపించి బావ అడిగాడు.

"ఇదేంట్రా, ఎర్రగా రాశాడు?"

అన్‌క్లాగ్ చేసేముందు మిషను ఆపాలని ఇంగ్లీషులో ఉంది. అన్‌క్లాగ్ అన్న ఆ ఒక్క మాటే అతనికి తెలియదు. చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నారు. అది అన్‌లాక్‌కి తమ్ముడిలా కనబడింది.

"పైమూత తాళం తీసేముందు ఆపెయ్యాలి బావా. అంతే."

"చూశారా!" అన్నాడు బావ, అందరి వంకా గర్వంగా.

తొమ్మిదో రోజున, ముక్కలు బయటికొచ్చే కింది గొట్టంలో ఏదో అడ్డుపడింది. పైమూత తియ్యడం లేదు కదా అని బావ మిషను ఆపలేదు. గొట్టంలోకి చెయ్యి పెట్టి లాగబోయాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

ఆస్పత్రి వరండాలో యజమాని అతన్ని నిలదీశాడు. "కాగితంలో ఏముందో చెప్పావా లేదా?"

"చెప్పానండీ."

అబద్ధం కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. తర్వాత మూలకు వెళ్లి ఫోనులో చూశాడు. అన్‌క్లాగ్: పూడుకుపోయినదాన్ని శుభ్రం చేయడం, అడ్డు తొలగించడం. గొట్టానికీ, సింకుకీ, దిబ్బడేసిన ముక్కుకీ కూడా వాడతారట. తాళం ఊసే అందులో లేదు.

లోపలికి వెళ్తే బావే ఓదార్చాడు. "నువ్వు సరిగ్గానే చెప్పుంటావురా. నా మట్టిబుర్రకే ఎక్కలేదు. తప్పు నాదేనని ఓనరుతో చెప్పేశాను."

"వాడు చిలక్కి చెప్పినట్టు చెప్తే వినొద్దూ?" అక్క మొగుణ్ని విసుక్కుంటూనే కళ్లు తుడుచుకుంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా నిజం చెప్పకుండానే బయటికొచ్చేశాడు. ఆ తర్వాతి రెండు రోజులూ అక్క తన ఇంట్లో కొసరి కొసరి వడ్డిస్తుంటే సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

మూడో రోజు పొద్దున్నే మిషను దగ్గర అందరి ముందూ యజమానితో అన్నాడు.

"ఆ మాట నాకు తెలీదండీ. తెలీదనడానికి సిగ్గేసి నోటికొచ్చింది చెప్పాను. మా బావ నేను చెప్పినట్టే చేశాడు."

"ఈ ముక్క ఆస్పత్రిలో చెప్పడానికి ఏమొచ్చింది?"

తల ఎత్తితే ఎవరి కళ్లు కనబడతాయోనని నేల చూస్తూ నిలబడ్డాడు. స్టోరు తాళాలు ఇచ్చేసి వెళ్లమన్నాడు యజమాని.

నేరుగా అక్క ఇంటికి వెళ్లి అదే మాట మళ్లీ చెప్పాడు. అక్క చేతిలో గ్లాసు బల్లమీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అప్పటికే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన బావ తన కట్టు వంక చూసుకున్నాడు.

"తెలీదంటే కొరుక్కుతినేవాణ్నట్రా నిన్ను?"

ఆ తర్వాత ఆస్పత్రికెళ్లి కట్టు మార్పించుకోవడానికి లేచాడు. ఎడమచేత్తో చొక్కా బొత్తాలు పెట్టుకోలేక అవస్థపడుతుంటే అతను దగ్గరకు వెళ్లి బొత్తం పట్టుకున్నాడు. బావ వద్దనలేదు. చెయ్యి కిందకు దించి, మొహం మాత్రం గోడ వైపు తిప్పుకున్నాడు.