పాత నూనె ఒక ముంతెడు

మా ఇంట్లో చోడి జావ కుండను ఎప్పుడూ పూర్తిగా కడగరు. అడుగున కాస్త పులిసిన జావ ఉంచితేనే రేపటి జావ పులుస్తుంది. నాన్న తన కారు ఇంజన్‌కూ అదే పద్ధతి పాటించేవాడు. నూనె తగ్గితే పైన పోసేవాడే తప్ప పాతది మొత్తం దింపేవాడు కాదు. "పాతది కొంచెం ఉంటెనే కొత్తది కలిసిపోద్ది" అనేవాడు. ఫిల్టరు ఎప్పుడు మార్చాడో ఆయనకే గుర్తులేదు.

ఆ డీజిల్ కారు మాకు దగ్గర్లోని బచేలి ఇనుప గనుల టౌన్‌షిప్ నుంచి ఒక ఆఫీసరు బదిలీ మీద పోతూ అమ్మినది. అప్పటికే దానికి పదిహేనేళ్ళు. గీదం సంతకు మనుషుల్ని, చింతపండు మూటల్ని మోసేది. ఊళ్ళో నాలుగు చక్రాల బండి అదొక్కటే.

పోయిన పుష్యమాసంలో మా వదిన ఉప్పలమ్మకు తెల్లవారుజామున నొప్పులు వచ్చాయి. చలికి కారు స్టార్టు కాలేదు. రోడ్డు దాకా తోసి, చివరికి ఇనుపరాయి లారీని ఆపి వదినను ఎక్కించారు. బిడ్డ లారీలోనే పుట్టింది. బతకలేదు. బచేలి గనిలో షిఫ్టు దిగి వచ్చిన అన్నయ్య నాన్నను ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడాన్నే నాన్న ఏడాదంతా మోశాడు.

ఈసారి కూడా వదినకు పుష్యంలోనే నెలలు నిండుతాయని తెలిశాక నాన్న తన స్నేహితుడు లచ్చు కాకను పిలిపించాడు. గనిలో డంపర్ల వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో గోండి, మాతో తెలుగు, బండ్లతో హిందీ మాట్లాడేవాడు.

నూనె చూసే కడ్డీని బయటికి లాగి, వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"ఏంది భూషణం బావా, ఇది నూనెనా, తారా?"

"మంచిగనే నడుస్తుంది గద," అన్నాడు నాన్న.

"నడుస్తది. ముసలెద్దు గూడ నడుస్తది, ఎండెక్కినంక."

సింథటిక్ నూనె పోద్దామన్నాడు. అది చలిలోనూ చిక్కబడకుండా పారుతుందట. నాన్న ఒప్పుకోలేదు.

"పాత ఇంజన్ల అది పోస్తె కారిపోద్దంటరు లారీలోళ్ళు."

"కారొచ్చు. నీ ఇంజన్ సందులన్నీ ఈ మడ్డే మూసి పెట్టింది. కడిగితె ఎక్కడ కారుద్దో బయటపడ్తది. అప్పుడు బాగు జేసుకుంటం."

"నా కోడలి మీద పరీక్షలు పెట్టకుండ్రి," అంది అమ్మ చేటలో బియ్యం ఏరుతూ.

"ఇంక రెండు నెలలుంది దుర్గమ్మక్కా. పరీక్షలో తప్పినా మళ్ళ రాయొచ్చు."

ముందు ఇంజన్ వేడిగా ఉండగానే పాత నూనెంతా దింపేశాడు. కొత్త ఫిల్టరు బిగించి, మామూలు నూనె పోసి పది రోజులు నడపమన్నాడు. బ్యాటరీ వైర్లు గీకి శుభ్రం చేశాడు. చలిలో ఇంజన్‌ను ముందుగా వేడెక్కించే హీటర్లు మార్చాడు. "నూనె ఒక్కటే మంత్రం గాదు బిడ్డా," అని నాతో అన్నాడు. రోజూ కారు కింద అట్టముక్క పరిచి, పొద్దున చుక్కలు చూడటం నా పని. మొదటి వారం రూపాయంత మరక వచ్చింది. ఆయన ఒక సీలు మార్చాక అట్ట పొడిగా ఉంది. పదో రోజు ఆ నూనె కూడా దింపి సింథటిక్ పోశాడు.

మర్నాడు కడ్డీ తీసి చూశాను. నూనె పై గీత దాటి ఉంది. గడ్డివాము వెనక ఒక ముంత కనిపించింది. అడుగున నల్లటి జిడ్డు.

నాన్నను అడగలేకపోయాను. చెబితే స్నేహితుడి ముందు ఆయన తల దించుకోవాలి. చెప్పకపోతే వదిన సంగతి ఏమిటి? మధ్యాహ్నం దాకా ఊరుకున్నాను. తర్వాత లచ్చు కాక ఇంటికి నడిచి వెళ్ళి చెప్పేశాను.

ఆయన వచ్చి కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. కోప్పడలేదు.

"బావా, ఎంత పోసినవ్?"

నాన్న చక్రం వైపు చూశాడు. "ఒక్క ముంతెడు. ఇంజన్ అలవాటు పడాలె గద."

"జావ పులవాలె బావా. నూనె పులిస్తె బండి చస్తది."

అమ్మ చేట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న నవ్వు రానట్టు ముఖం పెట్టాడు. లచ్చు కాక మళ్ళీ మొత్తం దింపి, సైకిలెక్కి గీదం వెళ్ళి, పొద్దుగూకే లోపు ఇంకో డబ్బా తెచ్చాడు.

ఆయన వెళ్ళాక నాన్న నన్ను పిలిచాడు. "నువ్వేనా చెప్పింది?"

"నేనే."

కడ్డీ తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టాడు. "రేపటి సంది నూనె నువ్వే చూడు."

పుష్యంలో మంచు దట్టంగా కురిసిన ఒక తెల్లవారుజామున వదిన నన్ను తట్టి లేపింది. కారెక్కి నా చేయి పట్టుకుంది. నాన్న తాళం సగం తిప్పి, హీటరు దీపం ఆరేదాకా ఆగాడు. తర్వాత పూర్తిగా తిప్పాడు. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. నా వేళ్ళ మీద వదిన పట్టు కొంచెం సడలింది.

ఎనిమిది గంటలకు గీదం ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. వరండా దాకా వినబడేలా ఏడ్చింది.

నాలుగో రోజు ఇంటికి వస్తూ నాన్న కారును లచ్చు కాక ఇంటి ముందు ఆపాడు. ఆయన బయటికి వచ్చి, బిడ్డను చూడకముందే ఇంజన్ చప్పుడు విన్నాడు. నాన్న దిగి తన వైపు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఇంటి దాకా నువ్వే తీస్కరా."

"నేనెందుకు బావా?"

"నువ్వే తీస్కరావాలె."

నాన్న ఆ స్టీరింగు ఇంకొకరికి ఇవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. లచ్చు కాక చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. నాన్న వెనక సీట్లో నా పక్కన ఇరుక్కున్నాడు. కారు ఎంత మెల్లగా వెళ్ళిందంటే సంత నుంచి వచ్చే సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి.

"కాకా, మేకలు గూడ దాటిపోతున్నయి," అంది వదిన.

"పోనీ బిడ్డా. వాటికి ఏదో పనుంది."

నాన్న ఆయన్ను తొందరపెట్టలేదు.